పెద్ద టెక్ కంపెనీ ఇంటర్వ్యూ: ఇతరుల అనుభవాలు చదివి ఎలా సిద్ధం కావాలి

పెద్ద టెక్నాలజీ కంపెనీలో ఇంటర్వ్యూ ఖాయమైందని తెలియగానే దాదాపు అందరూ చేసే మొదటి పని, అదే కంపెనీకి అంతకుముందు వెళ్లొచ్చినవాళ్లు ఏం రాశారో వెతకడం. గ్లాస్‌డోర్, లీట్‌కోడ్, గీక్స్‌ఫర్‌గీక్స్, బ్లైండ్ ఇలా ఏ వెబ్‌సైట్‌లో చూసినా అనుభవాలు కుప్పలుగా దొరుకుతాయి. వెతకడంలో తప్పేమీ లేదు. వాటిలోంచి ప్రశ్నలు మాత్రం ఏరుకుని మిగతాదంతా వదిలేస్తేనే చిక్కు. మీ వంతు వచ్చేసరికి ప్రశ్న మారిపోతుంది. మారనిది ఒకటుంది: మీతో మాట్లాడిన మనిషి ఇంటర్వ్యూ ముగిశాక కూర్చుని మీ గురించి ఒక నోటు రాస్తారు. అందులో ఏం పడుతుందో ముందుగా ఊహించగలిగినవారికి సిద్ధం కావడం చాలా తేలికవుతుంది. కింద చెప్పబోయే పనులన్నీ ఆ నోటును దృష్టిలో పెట్టుకుని చేయాల్సినవే.

నిర్ణయం ఎవరిదో ముందు తెలుసుకోండి

చిన్న కంపెనీలో మీతో మాట్లాడినవారే చాలాసార్లు "వచ్చే నెల చేరండి" అనేస్తారు. పెద్ద కంపెనీల్లో అలా కుదరదు. గూగుల్‌లో ఇంటర్వ్యూ చేసిన ప్రతి ఒక్కరూ తమ అభిప్రాయాన్ని రేటింగుతో సహా రాసి సమర్పిస్తారు. అవన్నీ ఎవరిని తీసుకోవాలో తేల్చే హైరింగ్ కమిటీ ముందుకు వెళ్తాయి. ఆ కమిటీలోని వారు మిమ్మల్ని చూసి ఉండరు, మీ మాట విని ఉండరు. అమెజాన్‌లో 1999 నుంచి 'బార్ రైజర్' అనే పద్ధతి ఉంది. మనిషి అవసరమైన బృందానికి చెందని, ప్రత్యేక శిక్షణ పొందిన ఒకరు ప్యానెల్‌లో ఉంటారు. ఆ బృందానికి ఎంత తొందర ఉన్నా ప్రమాణం తగ్గకుండా చూడటం ఆ వ్యక్తి పని. అక్కడ కూడా అందరూ ముందు ఫీడ్‌బ్యాక్ రాసి, తర్వాతే కూర్చుని చర్చిస్తారు.

కాబట్టి మీ బుర్రలో ఎంత గొప్ప ఆలోచన మెదిలినా, అది నోటులోకి ఎక్కకపోతే లేనట్టే. నమూనాగా నేను రాసిన ఈ రెండు నోట్లు చూడండి.

"జవాబు సరైనదే. చాలాసేపు మౌనంగా ఉండి ఒక్కసారిగా కోడ్ మొత్తం రాశారు. ఈ పద్ధతే ఎందుకని అడిగితే స్పష్టంగా చెప్పలేకపోయారు. ఖాళీ జాబితా ఇస్తే కోడ్ ఆగిపోతుందని నేనే చూపించాల్సి వచ్చింది."

"ముందు నిదానంగా నడిచే పరిష్కారం చెప్పి, పెద్ద జాబితాలకు అది ఎందుకు పనికిరాదో లెక్కగట్టారు. ఒక సూచన ఇవ్వగానే మెరుగైన దారి అందుకున్నారు. చివరి భాగానికి సమయం చాల్లేదు, కానీ ఏం మిగిలిందో, దాన్ని ఎలా ముగిస్తారో చెప్పారు. తన తప్పును తానే పట్టుకున్నారు."

రెండో అభ్యర్థి ప్రశ్నను పూర్తి చేయలేదు. అయినా కమిటీలో ఆ వ్యక్తి తరఫున మాట్లాడటానికి సరుకుంది. మొదటి అభ్యర్థి బయటికొచ్చి "అన్నీ సరిగ్గా చేశాను, ఎందుకు తీసుకోలేదో అర్థం కాలేదు" అని రాస్తారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ వ్యక్తికి నోటు కనబడలేదు, అంతే.

దొరికిన ప్రతిదీ చదవకండి, వడపోసి చదవండి

ఒక కంపెనీ గురించి ఇరవై వరకు అనుభవాలు చదివితే చాలు. అక్కడితో ఆపకపోతే భయం పెరుగుతుందే తప్ప తెలివి పెరగదు. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత ఈ దశ కోసమే పుట్టినట్టు ఉంటుంది.

చదివేటప్పుడు ఒక పట్టిక పెట్టుకోండి. తేదీ, పోస్టు, స్థాయి, ఎన్ని రౌండ్లు, ఒక్కోటి ఎంతసేపు, కోడ్ ఎక్కడ రాయించారు, ఇంటర్వ్యూ చేసినవారు ఎక్కడ జోక్యం చేసుకున్నారు, మొదటి జవాబు తర్వాత ఏం అడిగారు, ఫలితం ఏమిటి. ప్రశ్నకు కూడా ఒక గడి ఉంచండి, కానీ చివర్లో ఉంచండి. పట్టిక సగం నిండేసరికి ఆ కంపెనీ ఇంటర్వ్యూ ఎలా నడుస్తుందో ఒక ఆకారం కనబడుతుంది. ప్రతి ప్రశ్న తర్వాతా "ఇన్‌పుట్ వంద రెట్లు పెరిగితే?" అని అడగడం పదిమంది రాతల్లో కనబడిందనుకోండి, మీరు సాధన చేయాల్సింది ఆ రెండో అడుగునే.

తేదీని అస్సలు ఉపేక్షించవద్దు. ఒకప్పుడు టెక్ కంపెనీల ఇంటర్వ్యూలంటే తర్కపు చిక్కుముడులే. బస్సులో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి, మ్యాన్‌హోల్ మూత గుండ్రంగా ఎందుకుంటుంది, ఇలాంటివి. 2013లో గూగుల్ మానవ వనరుల విభాగం అధిపతి లాస్లో బాక్, అవి పూర్తిగా కాలహరణమని బహిరంగంగానే ఒప్పుకున్నారు. ఆ చిక్కుముడుల జాబితాలు మాత్రం ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. 2020లో రౌండ్లన్నీ వీడియోలోకి మారాయి. ఇప్పుడు ఏఐ సాధనాలతో మోసం చేసేవారు ఎక్కువయ్యాక కొన్ని కంపెనీలు కనీసం ఒక రౌండైనా మళ్లీ ముఖాముఖి పెడుతున్నాయి. రెండేళ్లు దాటిన అనుభవాన్ని చదవండి గానీ, రౌండ్ల వివరాలకు దాన్ని నమ్ముకోకండి.

స్థాయి కూడా చూడాలి. గూగుల్‌లో కొత్త ఇంజినీరు ఎల్3 దగ్గర మొదలవుతారు. అమెజాన్‌లో దాదాపు అదే మెట్టును ఎల్4 అంటారు. అంకె ఒకటే కదా అని పక్క కంపెనీ అనుభవాన్ని మీకు అన్వయించుకుంటే లెక్క తప్పుతుంది. ఎనిమిదేళ్ల అనుభవం ఉన్న వ్యక్తి రాసినది కళాశాల నుంచి నేరుగా వెళ్లేవారికి దాదాపు ఏమీ చెప్పదు.

ఇక ఎవరు రాస్తున్నారో ఆలోచించండి. ఉద్యోగం వచ్చినవాళ్లు సంతోషంలో రాస్తారు, చేసినవన్నీ విజయ కారణాలుగా చెబుతారు. ఐదు వందల ప్రశ్నలు సాధించానని ఒకరు రాస్తే, అందులో ఎన్ని ఉపయోగపడ్డాయో వారికీ తెలియదు. రానివాళ్లలో బాగా కోపం వచ్చినవాళ్లు రాస్తారు. మధ్యలో ఉన్న పెద్ద గుంపు ఏమీ రాయదు. శిక్షణ కోర్సులు అమ్ముకునేవారు అనుభవం ముసుగులో రాసే ప్రకటనలు వేరే. చివరి పేరాలో లింకు కనబడగానే వాటిని పట్టికలోంచి తీసేయండి.

నా దృష్టిలో అన్నిటికంటే విలువైనవి ఫలితం అనుకూలంగా రానివి. "బాగా చేశాను, అయినా తీసుకోలేదు" అన్న వాక్యం కనబడితే దానికి ముందున్న పేరాలు రెండుసార్లు చదవండి. చాలాసార్లు ఒక ఆనవాలు దొరుకుతుంది. "ఆయన మధ్యలో ఏదో అన్నారు, నేను నా దారిలోనే వెళ్లాను" అనో, "అప్పటికే ఆ ప్రశ్న నాకు తెలుసు కాబట్టి నేరుగా రాసేశాను" అనో ఉంటుంది. అక్కడ ఆగి, ఎదుటి వ్యక్తి నోటులో ఏం రాసి ఉంటారో మీరే ఒక్క వాక్యంలో రాయండి.

ఒకే ప్రశ్న మీద మొత్తం కథ నిలబెట్టే రాతల పట్ల జాగ్రత్త. 2015లో, మ్యాక్ కంప్యూటర్లలో ఇతర ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేసుకోవడానికి వాడే హోమ్‌బ్రూ సృష్టికర్త మ్యాక్స్ హోవెల్, తన సాఫ్ట్‌వేర్‌ను గూగుల్ ఇంజినీర్లే వాడుతున్నా, బోర్డు మీద బైనరీ ట్రీని తిరగేయలేనందుకు తనను తీసుకోలేదని ట్విటర్‌లో రాశారు. ఆ మాట లోకమంతా తిరిగింది, ఎంతోమంది ఆ ఒక్క ప్రశ్నను బట్టీ పట్టారు. ఇంటర్వ్యూ మొత్తంలో అది ఒక్క ప్రశ్న. మిగతా నోట్లలో ఏముందో బయటివారికి తెలియదు.

లీకైన ప్రశ్నల సంగతి

చాలా కంపెనీలు ఇంటర్వ్యూకు ముందు గోప్యత ఒప్పందం మీద సంతకం తీసుకుంటాయి. ప్రశ్న బయట పడిందని తెలిస్తే దాన్ని వాడటం మానేస్తాయి. కాబట్టి నిన్నటి ప్రశ్న రేపు మీకు వస్తుందన్న ఆశ బలహీనమైనది. ఒకవేళ వచ్చిందే అనుకోండి, "దీనికి దగ్గరి ప్రశ్న ఇదివరకు చేశాను" అని చెప్పేయండి. అదే ప్రశ్నను ఎంతోమందిని అడిగినవారికి, అప్పుడే తట్టినట్టు నటించేవాళ్లను గుర్తించడం కష్టం కాదు. చెప్పేస్తే వేరే ప్రశ్న ఇస్తారు, లేదా ఇంకా లోతుకు తీసుకెళ్తారు. రెండూ మీకు మంచివే. అన్నిటికీ మించి మీ నిజాయితీ నోటులోకి ఎక్కుతుంది.

రిక్రూటర్‌ను ఇవి అడగండి

మొదటి ఫోను చేసే రిక్రూటర్ మీ శత్రువు కాదు. మీరు గట్టెక్కితే ఆయన పని కూడా గట్టెక్కుతుంది. అయినా చాలామంది ఆయన ముందు పరీక్ష రాస్తున్నట్టు బిగుసుకుపోయి ఒక్క ప్రశ్నా అడగరు. అడగాల్సినవి ఇవి: ఎన్ని రౌండ్లు, ఏ రౌండ్ దేనికి సంబంధించింది, ఏ స్థాయికి చూస్తున్నారు, కోడ్‌ను నడిపి చూపించాలా లేక ఖాళీ పేజీలో రాస్తే చాలా, ఏ భాషలోనైనా రాయవచ్చా, ఏఐ సాధనాల విషయంలో నియమం ఏమిటి, ఫలితం ఎన్నాళ్లకు చెబుతారు. ఏఐ నియమం గురించిన ప్రశ్న ఇప్పుడు చాలా ముఖ్యం. అనుమతి లేకుండా ఏఐ సాధనం వాడితే అనర్హులుగా పరిగణిస్తామని అమెజాన్ వంటి కంపెనీలు స్పష్టంగానే చెబుతున్నాయి. మరికొన్ని ఏఐ పక్కన పెట్టుకునే కోడ్ రాయమని చెప్పే రౌండ్లు మొదలుపెట్టాయి. ఊహించుకోకండి, అడిగి తెలుసుకోండి.

సిద్ధం కావడానికి ఇంకో రెండు వారాలు కావాలంటే ఇప్పుడే అడగండి. దాన్ని తప్పుగా చూడరు. ఇంటర్వ్యూకు డబ్బు కట్టమన్నా, ల్యాప్‌టాప్‌కు ముందస్తు డిపాజిట్ అడిగినా అది మోసం. ఆ సంభాషణ అక్కడే ముగించండి.

సాధనలో పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి

ప్రశ్నల సంఖ్య కోసం పరుగెత్తకండి. అర్రేలు, స్ట్రింగులు, హ్యాష్ టేబుల్, రెండు పాయింటర్లు, స్లైడింగ్ విండో, బైనరీ సెర్చ్, స్టాక్, హీప్, ట్రీలు, గ్రాఫ్ మీద బీఎఫ్‌ఎస్, డీఎఫ్‌ఎస్, ఓ మోస్తరు డైనమిక్ ప్రోగ్రామింగ్. కోడింగ్ రౌండ్లలో అడిగేవాటిలో అత్యధిక భాగం ఈ పరిధిలోనే తిరుగుతుంది. ఒక్కో నమూనాలో ఏడెనిమిది ప్రశ్నలు, వాటిలో సగం వారం తర్వాత మళ్లీ ఖాళీ పేజీ మీద చేయండి. మళ్లీ చేసినప్పుడు చేయి ఆగిన చోటే మీకు నిజంగా రాని చోటు.

ఎడిటర్ సాయం లేకుండా రాయడం అలవాటు చేసుకోండి. రంగులు, సూచనలు, తప్పుల కింద ఎర్రగీత ఏవీ లేని సాదా పేజీలో రాస్తే, మామూలుగా వేళ్ల మీద ఉండే ఫంక్షన్ పేరు కూడా గుర్తు రాదు. ఆ ఇబ్బంది ఇంట్లోనే పడటం మేలు.

అన్నిటికంటే ముఖ్యం మాక్ ఇంటర్వ్యూ, అంటే స్నేహితుడితో చేసే ఉత్తుత్తి ఇంటర్వ్యూ. ఇక్కడ ఒక చిన్న మార్పు చేయండి. ముగిశాక మీ స్నేహితుణ్ణి "ఎలా చేశాను?" అని అడగకండి. బాగుందనే చెబుతాడు. "నన్ను ఎప్పుడూ చూడని నలుగురికి నా గురించి ఎనిమిది వాక్యాల నోటు రాయి, నేను అన్న మాటలు, చేసిన పనులు మాత్రమే ఉండాలి, పొగడ్తలు వద్దు" అనండి. ఆ ఎనిమిది వాక్యాలు చదివితే మీకే తెలుస్తుంది. ఎన్నోసార్లు స్నేహితుడికి ఐదో వాక్యం దగ్గరే రాయడానికి ఏమీ మిగలదు, ఎందుకంటే మీరు అరగంటసేపు ఏమీ మాట్లాడలేదు. మరుసటి రోజు పాత్రలు మార్చుకోండి. నోటు రాసే కుర్చీలో కూర్చున్నాక ఎదుటివారి మౌనం ఎంత ఇబ్బంది పెడుతుందో అనుభవంలోకి వస్తుంది.

ఆ నలభై ఐదు నిమిషాలు

ఉదాహరణకు తేలికైనదే తీసుకుందాం. ఒక సంఖ్యల జాబితా ఇచ్చారు. కలిపితే ఫలానా మొత్తం వచ్చే రెండు సంఖ్యలు వెతకమన్నారు. ఈ ప్రశ్న అందరికీ తెలిసిందే. అందుకే దీనిమీద తేడా బాగా కనబడుతుంది.

ముందు ప్రశ్నను మీ మాటల్లో తిరిగి చెప్పండి. తర్వాత అడగండి: రుణ సంఖ్యలు ఉంటాయా? ఒకే సంఖ్య రెండుసార్లు రావచ్చా? అదే అంశాన్ని రెండుసార్లు వాడుకోవచ్చా? ఒక జత చాలా, అన్ని జతలూ కావాలా? జత లేకపోతే ఏం తిరిగివ్వాలి? జాబితా వరుస క్రమంలో ఉందా? ఎంత పెద్దది? ఈ ప్రశ్నలు మర్యాద కోసం అడిగేవి కావు, జవాబును బట్టి దారి మారుతుంది. వరుస క్రమంలో ఉంటే రెండు చివరల నుంచి పాయింటర్లు జరుపుకుంటూ, అదనపు మెమరీ లేకుండా ముగించవచ్చు. లేకపోతే హ్యాష్ టేబుల్ (దాచిన విలువను వెంటనే వెతికి ఇచ్చే పట్టిక) కావాలి.

తర్వాత తట్టిన మొదటి పరిష్కారం చెప్పేయండి, అది నిదానమైనదైనా సరే. "ప్రతి జతనూ కలిపి చూడవచ్చు. లక్ష సంఖ్యలుంటే జతలు దాదాపు 500 కోట్లు. అది కుదరదు." ఈ మూడు వాక్యాలూ నోటులోకి ఎక్కే సరుకు. సరైన జవాబు మీకు ముందే తెలిసినా ఇక్కడి నుంచే మొదలుపెట్టండి, కానీ దీనికి ఒక నిమిషం మించనివ్వకండి. ఆ తర్వాత: "ఒక్కో సంఖ్య చూసినప్పుడు నాకు కావలసిన జోడీ ఏమిటో తెలుసు. అది ఇదివరకే కనబడిందా అన్నది వెంటనే తేలితే చాలు. హ్యాష్ టేబుల్‌లో పెట్టుకుంటే జాబితాను ఒక్కసారి చదివితే సరిపోతుంది, బదులుగా మెమరీ ఖర్చవుతుంది." కోడ్ రాయడానికి ముందు "ఈ దారిలో వెళ్లనా?" అని అడగండి. ఈ చిన్న ప్రశ్న వల్ల ఎదుటివారు వేరేదేదో ఆశిస్తుంటే అప్పుడే బయటపడుతుంది, పాతిక నిమిషాలు మిగులుతాయి.

రాసేటప్పుడు ప్రతి అక్షరాన్నీ చదివి వినిపించనక్కర్లేదు. అది వినేవారికి శిక్ష. మలుపు దగ్గర మాత్రం నోరు విప్పండి: ఈ లూప్ ఎందుకు, ఈ షరతు ఎందుకు. ఆలోచించడానికి మౌనం కావలసి వస్తే "ఒక నిమిషం ఆలోచించుకుంటాను" అని చెప్పి మౌనంగా ఉండండి. చెప్పి తీసుకున్న మౌనాన్ని ఎవరూ తప్పుపట్టరు.

సూచన వచ్చినప్పుడు ఏం చేస్తారన్నది అనుభవాలన్నిటిలోనూ పదేపదే కనబడే మలుపు. ఇంటర్వ్యూ చేసేవారు "ఈ భాగం మరోసారి చూస్తారా?" అన్నారంటే దాదాపు ఎప్పుడూ అక్కడ తప్పుంటుంది. సమర్థించుకోకండి, ఆగండి, ఒక చిన్న ఉదాహరణతో ఆ వరుసను నడిపి చూడండి. సూచన తీసుకుంటే మార్కులు పోతాయన్న భయం కొందరిలో ఉంది. తీసుకోకుండా మొండిగా వెళ్లినందుకు పోయేవే ఎక్కువ.

ముగియగానే "అయిపోయింది" అనకండి. ఖాళీ జాబితా, ఒకే అంశం, రెండూ ఒకే సంఖ్యలైన జత, జోడీ లేని జాబితా, వీటిని మీ కోడ్ మీద చేత్తో నడిపించండి. తప్పు దొరికితే సిగ్గుపడనవసరం లేదు. తానే పట్టుకున్నారన్న వాక్యం ఏ నోటుకైనా అందమే.

పూర్తిగా దారి తెలియని ప్రశ్న వస్తే? చిన్న ఉదాహరణను చేత్తో సాధించండి, మీ చేయి ఏం చేసిందో మాటల్లో చెప్పండి. ప్రశ్నలో ఒక షరతు తీసేసి తేలిక రూపం సాధించండి. ఖాళీ పేజీ వదిలేస్తే మాత్రం రాయడానికి ఎదుటివారి దగ్గర కూడా ఏమీ ఉండదు.

సిస్టమ్ డిజైన్ రౌండ్ ఉంటే

ఎంతోమంది వాడే ఒక పెద్ద వ్యవస్థను ఎలా కడతారో చెప్పమనే రౌండ్ ఇది. కొత్తవారికి ఉండకపోవచ్చు. అనుభవం ఉన్నవారికి స్థాయిని తేల్చేది ఎక్కువగా ఇదే. బాక్సులు, బాణాలు గీయడంతో మొదలుపెట్టకండి. ఏం కట్టాలి, ఏది ఇప్పుడు అక్కర్లేదు అన్నది తేల్చుకున్నాక అంకెలు వేయండి. రోజుకు 10 కోట్ల రిక్వెస్టులంటే భయపెడుతుంది. రోజులో 86,400 సెకన్లు, భాగిస్తే సెకనుకు సుమారు 1,160. రద్దీ వేళ దానికి నాలుగైదు రెట్లు అనుకోండి. ఒక్కో రికార్డు 500 బైట్లయితే రోజుకు 50 గిగాబైట్లు, ఏడాదికి 18 టెరాబైట్ల పైచిలుకు. ఈ లెక్క వేశాక డేటాబేస్‌ను ముక్కలు చేయాలా, క్యాష్ పెట్టాలా అన్న చర్చకు నేల దొరుకుతుంది. లెక్క లేకుండా కాఫ్కా, కుబర్‌నెటిస్ లాంటి సాధనాల పేర్లు వరుసగా చెప్పుకుంటూ పోతే వచ్చే మొదటి ప్రశ్న "అది ఎందుకు?" అనే. ప్రతి ఎంపికకూ ఏం పోగొట్టుకుంటున్నారో మీరే చెప్పండి.

మీ గురించి అడిగే రౌండ్‌ను తేలిగ్గా తీసుకోకండి

ఇంజినీర్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడేనని అనుభవాలు చదివేకొద్దీ అనిపిస్తుంది. అల్గారిథమ్‌కు మూడు నెలలు ఇచ్చి, దీనికి ముందురోజు రాత్రి అరగంట ఇస్తారు. అమెజాన్‌లో అయితే దాదాపు ప్రతి రౌండ్‌లోనూ ఈ ప్రశ్నలుంటాయి. వాళ్ల లీడర్‌షిప్ ప్రిన్సిపుల్స్, అంటే ఉద్యోగులు ఎలా పనిచేయాలో కంపెనీ పెట్టుకున్న సూత్రాలు, బహిరంగంగానే ఉన్నాయి. 2021లో రెండు కొత్తవి చేరి మొత్తం 16 అయ్యాయి. ఒక్కో ఇంటర్వ్యూయర్‌కు వాటిలో కొన్నింటిని పరిశీలించే బాధ్యత అప్పగిస్తారు.

పదహారుకూ పదహారు కథలు తయారు చేయనక్కర్లేదు. నిజంగా జరిగినవి ఆరేడు ఎంచుకోండి: ఒకరితో విభేదించినది, గడువు దాటినది, మీ పొరపాటు వల్ల నష్టం జరిగినది, ఎవరూ చెప్పకుండానే మీరు తలకెత్తుకున్నది, అరకొర సమాచారంతో నిర్ణయం తీసుకున్నది, ఒకరికి నేర్పినది. ఒక్కో కథను నాలుగు భాగాలుగా రాసుకోండి: పరిస్థితి, మీ బాధ్యత, మీరు చేసిన పని, ఫలితం. మొదటి రెండూ కలిపి అర నిమిషంలో అయిపోవాలి. చాలామంది పరిస్థితి చెప్పడంలోనే నాలుగు నిమిషాలు గడిపేస్తారు, తాము చేసిన పని దగ్గరకు వచ్చేసరికి ఎదుటివారు గడియారం చూస్తుంటారు.

వినయం కొద్దీ అంతా "మేము చేశాం, మా బృందం చేసింది" అని చెప్పుకుంటూ పోతే నోటు రాసేవారికి చిక్కు. ఆ పనిలో మీ వాటా ఎంతో వారు ఊహించి రాయలేరు. బృందానికి ఇవ్వాల్సిన గౌరవం ఒక వాక్యంలో ఇచ్చి, మీ చేతులతో చేసింది విడిగా చెప్పండి. ఫలితంలో అంకె ఉంటే వాడండి. లేని అంకెను కల్పించకండి. తర్వాత వచ్చే "ఎలా కొలిచారు?", "అప్పుడు ఎవరు వద్దన్నారు?", "మళ్లీ చేస్తే ఏం మారుస్తారు?" అన్న ప్రశ్నల ముందు కల్పన నిలవదు. వైఫల్యం గురించి అడిగితే "నేను అతిగా కష్టపడతాను" లాంటి జవాబు వద్దు. దాన్ని ఎన్నిసార్లు విన్నారో పాపం వాళ్లు.

చివర్లో మీకు ఇచ్చే ఐదు నిమిషాల్లో ఎదుటివారి పని గురించే అడగండి: కిందటి నెలలో ఏది ఎక్కువ సమయం తిన్నది, నిర్ణయాలు ఎలా జరుగుతాయి. జీతం, సెలవులు రిక్రూటర్‌తో మాట్లాడుకోవచ్చు.

ముగిశాక

వరుస రౌండ్లున్న రోజు ఒకటి చెడిందనిపిస్తే దాన్ని అక్కడే వదిలి తర్వాతి గదిలోకి వెళ్లండి. తర్వాతి వ్యక్తికి అది తెలియదు. అభ్యర్థులు తమ రౌండ్లను అంచనా వేయడంలో తరచూ పొరబడతారు కూడా. కష్టమైన ప్రశ్నలు వచ్చాయంటే మీరు సులభమైనవి దాటేశారనీ కావచ్చు.

చెప్పిన గడువు దాటి వారం గడిస్తే రిక్రూటర్‌కు ఒక చిన్న మెయిల్ రాయండి. గూగుల్‌లో కమిటీ సరేనన్నాక కూడా టీమ్ మ్యాచింగ్ అనే దశ ఉండవచ్చు. సరిపడే బృందం దొరికేదాకా వారాలు పట్టవచ్చు, ఆఫర్ చేతికి రాకపోనూవచ్చు. కాబట్టి ఆఫర్ లేఖ వచ్చేవరకు ఉన్న ఉద్యోగానికి రాజీనామా చేయకండి, మిగతా ఇంటర్వ్యూలు ఆపుకోకండి.

కాదన్నారా? కారణం అడగండి, చాలాసార్లు చెప్పరు. మళ్లీ ఎప్పుడు ప్రయత్నించవచ్చో తప్పక అడగండి. సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వ్యవధి పెడతారు. బ్రయన్ ఆక్టన్‌ను 2009లో ఫేస్‌బుక్ కాదంది, 2014లో ఆయన సహ వ్యవస్థాపకుడైన వాట్సాప్‌ను అదే ఫేస్‌బుక్ సుమారు 1,900 కోట్ల డాలర్లకు కొంది. ఊరటకు బాగుంటుంది కానీ దీన్నుంచి మీ ప్రణాళికకు పనికొచ్చేది ఒక్కటే: తప్పు నిర్ణయాలు వాళ్ల వైపు నుంచీ జరుగుతాయి. నాలుగు ఇంటర్వ్యూలతో 86 శాతం నమ్మకంతో నిర్ణయించవచ్చని గూగుల్ తన సొంత లెక్కల్లోనే తేల్చుకుంది. మిగిలిన 14 శాతంలో ఎవరైనా ఉండవచ్చు.

మీ అనుభవం రాయాలనుకుంటే రెండు విడతలుగా రాయండి. ఇంటర్వ్యూ అయిన రోజు సాయంత్రమే మొదటిది: ఏ రౌండ్‌లో ఏం జరిగింది, ఎక్కడ సూచన వచ్చింది, మీరు ఏం చేశారు, నోటులో ఏం పడి ఉంటుందని మీ అంచనా. ఫలితం వచ్చాక రెండోది. తేదీ, పోస్టు, స్థాయి పైన పెట్టండి. ఒప్పందం ప్రకారం చెప్పకూడని ప్రశ్నను వదిలేసి, అది ఏ తరహాదో చెప్పండి. ఇంటర్వ్యూ చేసినవారి పేర్లు రాయకండి. ఫలితం తెలిశాక మొదటి భాగాన్ని దిద్దకండి. ఉద్యోగం వస్తే అన్నీ బాగా చేసినట్టు, రాకపోతే అందరూ అన్యాయం చేసినట్టు జ్ఞాపకం తనను తాను సవరించుకుంటుంది. దిద్దని రాత అయితే, ఏడాది తర్వాత మళ్లీ అదే కంపెనీకి వెళ్లేటప్పుడు మీకే అక్కరకొస్తుంది.